ఏ పుంజును ఉంచుకోవాలి?

పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునే ఇంట్లో ఏడాదికొకసారైనా ఒక తగవు వస్తుంది. పెట్టల విషయంలో తగవు లేదు. గుడ్డు పెట్టినంతకాలం ఉంటాయి. కానీ పొదిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే గదా. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. రెండోది ఉంటే తిండి దండుగ, పొద్దస్తమానం పోట్లాట, పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోవడం. మరి ఏది ఉండాలి, ఏది పోవాలి?

2022 సంక్రాంతి ముందు ఆ తగవు నాకూ మా ఆయనకూ మధ్య వచ్చింది. అది కోళ్ళ తగవుతో ఆగలేదు గనుక రాస్తున్నాను.

మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరుకు దగ్గర పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం దాటింది. తాతల నాటి కొబ్బరి, జీడి, పనస చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. మా పదకొండు కోళ్ళలో రెండే మిగిలాయి. పడిపోయిన పనస కొమ్మల కింద ఒక బూడిదరంగు పెట్ట, దాని పక్కన ఆరు నెలల ఎర్ర పుంజు. తడిసి ముద్దయినా మర్నాడు తెల్లవారుతూనే కూసింది. కరెంటు లేక, మోటారు ఆడక, తాగునీళ్ళకు బిందెలు పట్టుకుని కూర్చున్న మా వీధికంతకూ ఆ కూత వినిపించింది. పిల్లలు దానికి ‘తిత్లీ పుంజు’ అని పేరు పెట్టారు. ఆ రెండింటి నుంచే మా మంద మళ్ళీ పెరిగింది.

మూడేళ్ళు బాగానే ఉంది. 2021 వేసవిలో పదమూడు గుడ్లు పొదగేస్తే అయిదే పిల్లలు లేచాయి. వాటిలో రెండింటికి కాలివేళ్ళు వంకర. పెట్ట సరిగ్గా కూర్చోలేదనుకుని మరో పెట్టను వేశాను. మళ్ళీ అంతే. కొక్కెర తెగులు టీకా కోసం పశువైద్యశాలకు వెళ్ళినప్పుడు అక్కడి కుర్రవాడిని అడిగాను. “పెట్టలన్నీ ఎక్కడివమ్మా?” అన్నాడు. మా ఇంట్లో పుట్టినవే అన్నాను. “పుంజు?” అదే పాతది అన్నాను. అతడు నవ్వి, “కూతుళ్ళ మీద తండ్రిని ఉంచారమ్మా. రక్తం మార్చాలి” అన్నాడు.

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో! మనుషుల్లో మేనరికాలు వద్దని పదిమందికి చెప్పేదాన్ని.

పెద్ద కోడిని కొని తెస్తే దానితో పాటు తెగులు కూడా రావచ్చు. గుడ్లు తెచ్చుకోవడం మేలు. టెక్కలిలో ఉన్న మా అప్ప దగ్గర నుంచి వారం లోపు పెట్టిన గుడ్లు పన్నెండు తెచ్చాను. డబ్బాలో తవుడు పోసి, సన్నటి కొన కిందికి ఉండేలా నిలబెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఒక రోజు కదపకుండా ఉంచి పెట్ట కింద వేశాను. ఇరవై ఒకటో రోజుకు పదకొండు లేచాయి. గద్దకూ కుక్కకూ పోగా సంక్రాంతి నాటికి మూడు పుంజులు ఎదిగాయి: నెమలి, తెల్లది, నల్లది.

నెమలి అందగాడు. ఎత్తు, తురాయి, తోక అన్నీ ఉన్నాయి. నా కన్ను దానిమీదే ఉండేది. క్రిస్మసు సెలవులకు వచ్చిన మనవరాలి మీదికి ఎగిరి కంటికి వేలెడు కింద కాలి ముల్లుతో గీరింది. ఆ వారంలోనే పందేలవాడు ఒకడు వచ్చి దాన్ని చేత్తో తూచి మూడు వేలు ఇస్తానన్నాడు. మా ఆయన అప్పటికే వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు పలాస వెళ్తున్నారు. మూడు వేలంటే మాకు ఎన్ని రాకపోకల ఖర్చో వేరే చెప్పాలా! ఒక రాత్రంతా ఆలోచించాను, దాచడం దేనికి? కోడిపందెం 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారం నేరమని తెలుసు. కాలికి కత్తి కట్టించుకోవడానికేనా దీన్ని పెంచాను అనిపించి తెల్లవారాక వద్దన్నాను. పోనీ, సంఘంలో కోత పండుగకు కానుకగా ఇచ్చేద్దామన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. “మన పిల్లను గీరినదాన్ని వేలంలో పాడుకున్నవాళ్ళ పిల్ల మీదికి పంపుతావేటి?” అన్నారు. నెమలి కూరయింది. పొగరు దాని పిల్లలకూ దిగుతుందని తరవాత పెద్దలు చెప్పారు.

మిగిలిన రెండింటినీ పదిరోజులు కూర్చుని చూశాను. రాత్రి గూట్లో ఉన్నప్పుడు పట్టుకుని రొమ్ము ఎముక తడిమాను. రెండిటికీ తిన్నగానే ఉంది. కాళ్ళు, వేళ్ళు బాగున్నాయి. తేడా తిండి దగ్గర తెలిసింది. చోళ్ళు జల్లితే తెల్లది ముందు తన గండ నింపుకునేది. నల్లది టుక్కుటుక్కుమని పెట్టలను పిలిచి, అవి తింటుంటే తల ఎత్తి ఆకాశం వైపు చూస్తూ నిలబడేది. గద్ద నీడ పడితే మొదట అరిచేది అదే. పైగా తెలుపు గద్ద కంటికి తొందరగా ఆనుతుంది. తెల్లదాన్ని కోత పండుగకు ఇచ్చాం. మంచి ధరే పాడారు.

అసలు చిక్కు తిత్లీ పుంజుతో వచ్చింది. నల్లదాన్ని మందలోకి వదలాలంటే పాతది ఉండకూడదు. ఆ మాట అంటే మా ఆయన మంచం మీద నుంచే, “పాతవాడి పని అయిపోయింది, ఇక తిండి దండుగ. అంతేనా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ పూట ఆయనకు కొలిచి ఇవ్వవలసిన నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాలుగు రోజులు ఆ పుంజు ఊసెత్తలేదు. గంప కింద మూసి, దానికి విడిగా నూకలు వేస్తూ వచ్చాను.

అయిదో రోజున అప్ప ఫోను చేసింది. వాళ్ళ పుంజును ముంగిస పట్టుకుపోయిందట. నాలుగు పెట్టలు ఊరికే ఉన్నాయట. అప్పుడు తట్టింది. లోపం మా పుంజులో ఉందని ఎవరన్నారు? లోపం దాని కూతుళ్ళతో జతకట్టడంలో ఉంది. అప్ప పెట్టలు దానికి ఏమీ కావు. వయసు మూడేళ్ళు దాటింది నిజమే, అయినా నాలుగు పెట్టలకు చాలదా? మా పెద్దవాడు బుట్టలో పెట్టుకుని టెక్కలి తీసుకువెళ్ళాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పుంజును మార్చిన వెంటనే గుడ్లు పొదగేయకండి. పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాల వరకు నిలుస్తుంది. నేనూ అప్పా మూడు వారాలు ఆగి వేశాం. మా ఇంట్లో పదమూడుకు పదకొండు, అప్ప ఇంట్లో పన్నెండుకు తొమ్మిది లేచాయి.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక మా ఆయన్ను అక్కడికే తీసుకువెళ్తున్నాం. అది తెరిచిన కొత్తలో ఒకరోజు తెల్లవారుజామున అప్ప ఫోను చేసి, “మరిదికి ఇవ్వు” అంది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నారు. అవతల నుంచి కూత నాకూ వినిపించింది. కాసేపు విని, “గొంతు కాస్త బొంగురుపోయింది” అన్నారు.