మూడు వలసలు, ఒకే సముద్రం

మస్కట్‌కి కొత్తగా వచ్చిన చుట్టాన్ని మనం ముందుగా ఎక్కడికి తీసుకెళ్తాం? మత్రా కార్నిష్‌కే కదా! ఒక పక్క సముద్రం, ఒక పక్క తెల్లటి పాత మేడలు, వెనకాల చెట్టూ చేమా లేని కొండలు, కొండ మీద పోర్చుగీసుల కాలం నాటి కోట. పోయిన చలికాలం మా బావగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు నేనూ అదే పని చేశాను. ఆయన సూక్‌లో గంటసేపు తిరిగారు, సాంబ్రాణి పొగ కడుపునిండా పీల్చారు, అక్కయ్యకి ఒక శాలువా కొన్నారు. బయటికొచ్చి టీ తాగుతూ తాపీగా అడిగారు.

"ఏమయ్యా, ఆ తెల్ల దిష్‌దాషాల పెద్దమనుషులు మాట్లాడుకునేది అరబ్బీ కాదల్లే ఉందే? ఆ బంగారం కొట్టాయన గుజరాతీయా, అరబ్బా? మరి మనవాళ్ళేరీ? సామాన్లు మోసేవాళ్ళ దగ్గర తప్ప నాకెక్కడా తెలుగు వినపడలేదు!"

పద్ధెనిమిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్న నాకు చప్పున జవాబు తట్టలేదు. ఆ మూడు ప్రశ్నలకీ జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

జాంజిబార్ నుంచి ఇంటికి

బావగారు విన్నది స్వాహిలీ. ఒమాన్‌లో ఆఫ్రికా భాష ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. 1698లో ఒమానీలు మొంబాసాలోని ఫోర్ట్ జీసస్ కోటని పోర్చుగీసుల చేతుల్లోంచి లాక్కున్నారు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో సయ్యద్ సయీద్ తన గద్దెనే మస్కట్ నుంచి జాంజిబార్‌కి మార్చుకున్నాడు. అక్కడ లవంగాల తోటలు వేశారు, ఏనుగు దంతాల వ్యాపారం చేశారు. ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆ తోటల్లో చెమటోడ్చినవాళ్ళు ఆఫ్రికా బానిసలు. జాంజిబార్‌లోని బానిసల సంత 1873లో గానీ మూతపడలేదు.

సయ్యద్ సయీద్ 1856లో పోయాక, 1861లో రాజ్యం రెండు ముక్కలైంది. మస్కట్ ఒక కొడుక్కి, జాంజిబార్ ఇంకో కొడుక్కి. అయినా రాకపోకలు ఆగలేదు. 1963లో కెన్యాకి స్వాతంత్ర్యం వచ్చేదాకా మొంబాసా తీరపు పట్టీ కాగితాల మీద జాంజిబార్ సుల్తానుదే! ఒమాన్ పల్లెల్లో కరువొస్తే పడవెక్కి అటు పోయేవాళ్ళు, మనవాళ్ళు ఒకప్పుడు రంగం వెళ్ళినట్టు.

1964 జనవరిలో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చింది. వేలమంది అరబ్బులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చెల్లాచెదురయ్యారు. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కి, బయట ఉన్న ఒమానీలంతా వచ్చి దేశం కట్టడంలో చెయ్యి వెయ్యమని పిలిచారు. అప్పటికి దేశం మొత్తానికి మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు ఉండేవని చెప్తారు. జాంజిబార్ నుంచి వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు వచ్చు, ఆఫీసు పని వచ్చు. చమురు కంపెనీలో, పోలీసు శాఖలో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో వాళ్ళ అవసరం పడింది. వాళ్ళలో చాలామందికి అరబ్బీ సరిగ్గా రాదు. "జాంజిబారీలు" అని కొంచెం వేరుగా చూసినవాళ్ళూ ఉన్నారు. అయినా ఒక్క తరంలో కుదురుకున్నారు. వాళ్ళు కష్టపడ్డారు, నిజమే. దాంతోపాటు చేతికి పౌరసత్వం కాగితం కూడా వచ్చింది.

మాండ్వి నుంచి వ్యాపారానికి

ఇక బంగారం కొట్టాయన సంగతి. కచ్ ప్రాంతంలోని మాండ్వి రేవు నుంచి భాటియా వ్యాపారులు వందల ఏళ్ళుగా మస్కట్ వస్తూనే ఉన్నారు. ఇటు నుంచి ఖర్జూరం, ముత్యాలు వెళ్ళేవి. అటు నుంచి బియ్యం, బట్టలు వచ్చేవి. జాంజిబార్‌లో సుల్తాన్ గారి సుంకాల వసూలు కాంట్రాక్టు కూడా చాలాకాలం ఒక కచ్ షావుకారుదే, పేరు జైరాం శివ్‌జీ. ఇప్పుడు మనం "బైసా" అని లెక్కపెట్టే చిల్లర మన "పైసా"యే. 1970లో ఒమాన్ సొంత రియాల్ తెచ్చుకునేదాకా ఇక్కడ రూపాయలు చెలామణీ అయ్యేవి.

మాండ్వి నుంచి వచ్చిన రాందాస్ ఠాకర్సీ 1870లో మొదలుపెట్టిన కొట్టే ఇవాళ్టి ఖిమ్‌జీ రాందాస్ సంస్థ. ఆ వంశంలోని కనక్‌సీ ఖిమ్‌జీ గారికి సుల్తాన్ "షేక్" బిరుదు ఇచ్చారు. ఒక హిందువుకి ఆ గౌరవం దక్కడం మామూలు విషయమా! 1975లో ఇండియన్ స్కూల్ మస్కట్ మొదలైనప్పుడు వెనక నిలబడిన పెద్దల్లో ఆయన ఒకరు. 2021లో కాలం చేశారు. మన పిల్లలు ఇవాళ ఇక్కడ చదువుకుంటున్నారంటే ఆ పుణ్యంలో వాళ్ళకీ భాగం ఉంది. పాత మస్కట్‌లోని శివాలయం, దార్సైట్‌లోని కృష్ణ మందిరం దగ్గర మనం చెప్పులు విప్పుతున్నామంటే ఆ వ్యాపారులు వేసిన పునాది వల్లే.

ఇంకో మాట. ఆ తొలి తరాల వాళ్ళలో చాలామంది పెళ్ళాం పిల్లల్ని కచ్‌లోనే వదిలి, గోదాం మీద గదుల్లో నలుగురైదుగురు కలిసి వండుకుని బతికినవాళ్ళే. ఎక్కడో విన్నట్టు లేదూ? మన లేబర్ క్యాంపు అంతే కదా! తేడా ఏమిటంటే, కొత్తగా వచ్చిన కుర్రాడికి ముందే వచ్చిన మేనమామ దగ్గర పని దొరికేది. పెట్టుబడి కులంలోనే దొరికేది. వడ్డీ కూడా తమలోనే తిరిగేది.

గోదావరి నుంచి, మానేరు నుంచి

మరి మనం? ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు ఉన్నారు. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎక్కువమంది మనమే. మనకి కుటుంబం వీసా వస్తుంది, కారు ఉంటుంది, ఏడాదికోసారి టిక్కెట్టు. పిల్లలు పెద్దవాళ్ళయితే కాలేజీ కోసం ఇండియా పంపుతాం, రిటైరయితే మనమూ సర్దుకుంటాం. ఇరవై ఏళ్ళున్నా అతిథులమే.

రెండో మాట కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చి కట్టడం పనుల్లో, క్లీనింగు పనుల్లో ఉన్న తమ్ముళ్ళది. సీబ్ దగ్గర ఒక కుర్రాడు నాకు తన లెక్క ఇలా చెప్పాడు. ఏజెంటుకి లక్షన్నర, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకి నాలుగున్నర వేలు వడ్డీకే పోతుంది. జీతం వంద రియాళ్ళు. తిండికీ ఫోనుకీ ముప్ఫై తీసేస్తే డెబ్భై మిగిలాయి, సుమారు పదిహేను వేల రూపాయలు. వడ్డీ పోగా పదిన్నర వేలు. ఇంట్లో ముసలివాళ్ళ ఖర్చు అయిదు వేలు. మిగిలిన అయిదున్నర వేలతో అసలు తీరాలంటే రెండేళ్ళ పైచిలుకు. వీసా ఎన్నాళ్ళకి? రెండేళ్ళకి! "మొదటి వీసా షావుకారుకి సార్, రెండో వీసా మాకు" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

అందుకే కొందరు అర్బాబుని వదిలి బయటపడి "ఖల్లివెల్లి" అయిపోతారు. 2015లో, 2020లో ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు మనవాళ్ళు వరసల్లో నిలబడింది మనం చూశాం. రోజులు కొంత మారాయి. 2021 జనవరి నుంచి కాంట్రాక్టు పూర్తయితే పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. 2023లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి అయిదు లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ బతికుండగా వడ్డీ కట్టేవాడి గోడు ఆ ఉత్తర్వుతో తీరదు.

ఒకే వంటింట్లో

మూడో మాట మన ఆడపడుచులది. దార్సైట్ గుళ్ళో ఒక శుక్రవారం ఒకావిడ నన్ను "అన్నయ్యా, మీరు తెలుగేనా?" అని పలకరించింది. అమలాపురం దగ్గర పల్లె. ఇళ్ళల్లో పనికి వచ్చి నాలుగేళ్ళయింది. నెలకోసారి యజమానురాలే కారులో దింపి గంట తర్వాత తీసుకెళ్తుందట.

"మంచి ఇల్లే అన్నయ్యా, తిండికి లోటు లేదు. నాతోపాటు ఒక నల్ల పిల్ల ఉంది, మొంబాసా వైపుది, కెన్యా. ఇంట్లో ముసలమ్మ చిన్నప్పుడు జాంజిబార్‌లో పెరిగిందట. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో పొద్దస్తమానం కబుర్లే! నాకు మాట్లాడ్డానికి మనిషి లేదు. అయితే వాళ్ళు కొబ్బరి పాలు పోసి అన్నం వండుతారు చూడండీ, అచ్చం మనింటి కొబ్బరన్నమే!"

నేను నవ్వి, జీతం అడిగాను. తనకి నూట ఇరవై, ఆ పిల్లకి తొంభై. పని ఒకటే. దేశాన్ని బట్టి రేటు! భాష కలిసినా, ముసలమ్మ ముద్దు చేసినా, ఆ కెన్యా పిల్ల వంటింటి పక్క గదిలోనే పడుకుంటుంది. అరవై ఏళ్ళ కిందట అదే తీరం నుంచి వచ్చిన ముసలమ్మ ఇంటి యజమాని, ఇప్పుడొచ్చిన పిల్ల పనిమనిషి. మన కోనసీమ ఆవిడ పరిస్థితీ అంతే. వాళ్ళిద్దరికీ 2023 కార్మిక చట్టం వర్తించదు, ఇంటి పనివాళ్ళకి వేరే నిబంధనలు. పాస్‌పోర్టు పనిచేసేవాళ్ళ దగ్గరే ఉండాలని నియమం. ఆవిడది మాత్రం యజమాని బీరువాలో ఉంది.

"ఎందుకు అడగవమ్మా?" అన్నాను.

"అడిగితే నమ్మకం పోద్దేమో అన్నయ్యా. చిన్నదాని పెళ్ళి అయిందాకా నాకు ఈ ఇల్లు కావాలి."

నేనేం చెప్పను? కారు హారను వినపడింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ ఒక మాట అడిగింది. "మీవాళ్ళు ఉగాది చేస్తారంట కదా, మాలాంటోళ్ళం రావచ్చా? టిక్కెట్టు ఎంత?"

టిక్కెట్టు అయిదు రియాళ్ళు. చెప్పడానికి నోరు రాలేదు.

తేడా ఎక్కడ?

ఇంటికొచ్చి బావగారి ప్రశ్న మళ్ళీ ఆలోచించాను. ముగ్గురమూ ఒకే సముద్రం దాటి వచ్చాం. జాంజిబార్ వాళ్ళని దేశం తనవాళ్ళని ఒప్పుకుంది. కచ్ వాళ్ళకి ఆ ఒప్పుదల రావడానికి తరాలు పట్టింది, అప్పటిదాకా వాళ్ళని వాళ్ళ బంధుత్వమే కాపాడింది. మనకి మొదటిది లేదు, దాన్ని ఇవ్వడం మన చేతుల్లోనూ లేదు. ఆ దేశానికి ఆ హక్కు ఉంది, మనం వచ్చింది పనికి. రెండోది? అది పూర్తిగా మన చేతుల్లోదే. మన దగ్గర దానికి కొరత ఎందుకు?

మనమూ ఒకప్పుడు ఇంకొకరికి చోటు ఇచ్చినవాళ్ళమే. నిజాం సైన్యంలో పనికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాదు బార్కస్‌లో ఇవాళ్టికీ ఉన్నారు. వాళ్ళ మనవళ్ళు తెలుగు కూడా మాట్లాడతారు. మనం వాళ్ళని వెళ్ళిపొమ్మనలేదు.

మన సంఘం పెద్దలకీ, సభ్యులందరికీ నాదొక విన్నపం. ఊళ్ళో ఎవరైనా గల్ఫ్‌కి బయల్దేరుతున్నారని తెలిస్తే, ఆ ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో నమోదైనవాడో కాదో చూసి చెప్దాం. అది మనకి ఫోనులో అయిదు నిమిషాల పని, వాళ్ళకి లక్షన్నర రూపాయల మాట. ఇళ్ళల్లో పనికి వచ్చే ఆడవాళ్ళని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం 2016 నుంచి ఉందనీ, విజిటింగ్ వీసా మీద పంపిస్తానంటే నమ్మొద్దనీ చెప్దాం. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా రెన్యూ చేసుకున్నారో లేదో అడుగుదాం. వీలుంటే, వడ్డీలేని చిన్న నిధి ఒకటి మొదలుపెడదాం. కచ్ వాళ్ళు పాతిన మొక్క కూడా మొదట చిన్నదే.

వచ్చే ఉగాదికి నేను రెండు టిక్కెట్లు ఎక్కువ కొంటున్నాను. ఒకటి మన కోనసీమ ఆవిడకి. యజమానురాలిని నేనే వెళ్ళి అడుగుతాను, ఏమంటారో చూడాలి. రెండోది ఆ కెన్యా పిల్లకి. ఉగాది పచ్చడి రుచి చూసి ఏమంటుందో, వచ్చే సంచికలో రాస్తాను.