క్యారెక్టర్ ఉన్న వైను

“ఈ వైనుకి మంచి క్యారెక్టర్ ఉంది” అంది వైను రుచి చూపించే అమ్మాయి, గ్లాసు కాడ పట్టుకుని తిప్పుతూ. కాలిఫోర్నియాలో పసిఫిక్ తీరాన్ని ఆనుకున్న సోనోమా కొండల్లో ఉన్నాం. సదస్సుకని వెళ్లిన నన్ను మా చిన్నమ్మ కూతురు ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లింది. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. మా పరిగిలో చదువురాని వాళ్లకీ తెలిసిన ఇంగ్లీషు మాట అది. ఎక్కువగా ఆడవాళ్ల గురించే వాడతారు, అదీ లేదని చెప్పడానికే.

గ్లాసులో ఉన్నది పినో న్వార్. ఆ ద్రాక్ష తొక్క పలుచన. ఎర్ర వైనుకి రంగూ వగరూ ముఖ్యంగా తొక్క నుంచే వస్తాయి కాబట్టి గ్లాసు వెనక వేళ్లు కనిపించేంత లేత ఎరుపు. సముద్రం మీది పొగమంచు రాత్రి కొండల్లోకి వచ్చి, పొద్దెక్కితే గాని పోదు. ఆ చలికి కాయ నిదానంగా పండుతుంది, తీపి ఎక్కినా పులుపు నిలుస్తుంది. అదే ఎండ దంచే లోయల్లో తీపి తొందరగా పెరిగి, పులుపు పడిపోతుంది. మొదటి గుక్కలో చెర్రీ పులుపు, ఆ తర్వాత వానకి తడిసిన ఆకుల వాసన. అనంతగిరి గుట్టల్లో శ్రావణ మాసం గుర్తొచ్చింది.

సోనోమా తీరానికి ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా 1987లో గుర్తింపు వచ్చింది. అందులో లోపలి వెచ్చటి నేలలూ కలిసిపోయాయని, సముద్రం పక్కనున్న పడమటి భాగం వాళ్లు పట్టుబట్టి 2022లో వేరే గుర్తింపు తెచ్చుకున్నారు. మా తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందీ ఆ ఏడే.

నేలా చలీ కలిసి రుచి ఎలా అవుతాయో నాకు మొదట చెప్పింది మాత్రం మా అవ్వ, అమ్మ తల్లి. చలికాలం పొద్దున్నే ఈతకల్లు వచ్చేది. అవ్వ ఒక గుక్క తాగి ఆగేది. “పొద్దుగాల తీపి, పొద్దు నెత్తికొచ్చినంక పులుపు. చెరువు కింది చెట్టుది పల్చగుంటది బిడ్డా, గుట్ట మీదిది చిక్కగుంటది” అనేది. రాత్రి చలికి లొట్టిలో పులియడం నెమ్మదిస్తుంది, ఎండెక్కితే ఊపందుకుంటుంది. అవ్వకి ఈస్టు పేరు తెలియదు, దాని పని తెలుసు.

నేను ఎమ్మే చదివేటప్పుడు యూనివర్సిటీ స్నేహితులు ఇంటికొచ్చారు. వాళ్లు గడప దాటేలోపే అవ్వ చేతిలోని గ్లాసు లాక్కుని మంచం కిందికి తోశాను. అవ్వ ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె కల్లు ముట్టలేదు.

ఆ రోజుల్లోనే నేను 1992 నాటి దూబగుంట ఆడవాళ్ల మీద సెమినార్ పేపరు రాశాను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా అమ్మకం ఆగిందంటే వాళ్ల పోరాటం వల్లే. కూలి డబ్బులు మింగి, ఇంటికొచ్చి కొట్టే తాగుడు మీద వాళ్లు తిరగబడ్డారు. నేను మాత్రం అందులోంచి తాగే ఆడది తక్కువదన్న నీతిని ఏరుకున్నాను. అది వాళ్లు చెప్పింది కాదు. చదువుతోపాటు నాకంటుకున్న పరువు చెప్పింది. సారా ఏం చేస్తుందో అవ్వకి నాకన్నా బాగా తెలుసు, ఆమె తమ్ముణ్ణి తిన్నది అదే. ఇవాళ మత్తుమందు కలిపి అమ్మే కల్లుని ఆమె నోట పెట్టి ఉమ్మేసేది. ఆ తేడా తెలియడమే కదా రుచి తెలియడమంటే! దాన్నే ఇక్కడ కోర్సులు పెట్టి నేర్పుతున్నారు.

చెల్లి ఫోన్ తీసింది. “అక్కా, గ్లాసు కింద పెట్టు, ఫొటో తీస్తా. పెద్దమ్మ చూస్తే బాగుండదు.”

అలవాటుగా చెయ్యి బల్ల వైపు వెళ్లింది. మంచం కింద గ్లాసు ఒలికిన చప్పుడు ఇన్నేళ్ల తర్వాత వినిపించింది.

“ఉండనీ, ఇట్లనే తియ్యి” అన్నాను.

ఆ ఫొటో అమ్మకి పంపాను. సాయంత్రం ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “ఎట్లున్నదే, తీపా పులుపా?” అని అడిగింది. అవ్వ కూతురు కదా.