సుర్మాదానీలో సీసం

మా ఖాన్‌దాన్‌లో బిడ్డ పుడితే చెవిలో అజాన్, అంగిట్లో ఖజూర్, చిల్లా దాటాక కళ్లకు సుర్మా. అమ్మీకి నానీ పెట్టింది, నాకు అమ్మీ పెట్టింది. మా చెల్లె బిడ్డకు పెట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను. ఇంట్లో పెద్ద బహసే అయింది. “సున్నత్‌ను కూడా వద్దంటావా బేటా?” అంది అమ్మీ.

సున్నత్ మీద నాకేం ఏతరాజ్ లేదు. ఆ పేరుతో దుకాణంలో అమ్మే పొడి మీదే నా షక్. హదీసుల్లో ఉన్న మాట ఇస్మిద్. అది యాంటిమొనీ రాయి అంటారు. బజార్లో సుర్మా పేరుతో దొరికే మెరుపు రాయి చాలాసార్లు గెలీనా, అంటే సీసపు ఖనిజం. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. బిడ్డ కళ్లు నులుముకుని అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. కడుపులోకి పోయిన సీసాన్ని పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది.

ఎంత సీసం ఖతర్‌నాక్? ఒక డెసిలీటరు నెత్తురులో 5 మైక్రోగ్రాములు ఉంటే, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రెండేళ్ల బిడ్డ ఒంట్లో నెత్తురు సుమారు లీటరు. ఆ లెక్కన మొత్తం నెత్తురులో ఉన్నది గ్రాములో 20 వేల వంతు! అంతకు తక్కువైతే ఫర్వాలేదు అనే హద్దు కూడా లేదు. జ్వరం రాదు, దద్దుర్లు రావు. తెలివి మందగిస్తుంది, ధ్యాస నిలవదు. మనమేమో ‘మొద్దు’ అని తిట్టి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టొస్తాం.

బెంగళూరులోని జార్జ్ ఫౌండేషన్ 1999లో ఏడు నగరాల సర్వే బయటపెట్టింది. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది. ఆ నగరాల్లో పరీక్ష చేసిన 12 ఏళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా 10 మైక్రోగ్రాములు దాటారు. అప్పట్లో పెట్రోల్‌లోనే సీసం కలిపేవాళ్లు. 2000లో అది ఆగింది. సడక్ మీద పొగలో వచ్చే జహర్ తగ్గింది, అల్‌హందులిల్లాహ్. గల్లీలో, ఇంట్లో ఉన్నది మిగిలింది.

దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య మెట్రో స్టేషన్లు రెండే. ఆ కాస్త దూరంలోనే ఇంటికీ ఇంటికీ ఫరక్ ఉంటుంది. ఆటోనగర్‌లో పాత బ్యాటరీలు విప్పే అబ్బా షర్టు మీద సీసపు దుమ్ము ఇంటికొస్తుంది. ఇంకో ఇంట్లో కిటికీకి ఎప్పుడో వేసిన రంగు పెచ్చులూడి పాకే బిడ్డ చేతికి దొరుకుతుంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటొద్దన్న కానూన్ 2017 నవంబర్ నుంచే అమలైంది. అంతకుముందు పూసిన గోడలు అట్లనే ఉన్నాయి. పైగా ఐరన్, కాల్షియం తక్కువున్న బిడ్డ ఒళ్లు సీసాన్ని ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. అంటే ఈ జహర్ కూడా గరీబీ ఇల్లే వెతుక్కుంటుంది. అందుకే షహర్ మొత్తానికి తీసిన సగటు మీ బిడ్డ సంగతి చెప్పదు. మీ ఇంట్లో ఎవరేం పని చేస్తారు, గోడలు ఎప్పటివి, బిడ్డ ఒంటికి ఏం పూస్తారు, ఇవి చెప్తాయి.

అయితే భయపడి కూర్చోవద్దు. బ్యాటరీ, పెయింటింగ్ పనిచేసే మర్దులు బిడ్డను ఎత్తుకునే ముందు బట్టలు మార్చి గుసుల్ చేయాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. చీపురు బదులు తడిబట్టతో నేల తుడవాలి. పాత రంగు గీకేటప్పుడు పిల్లల్ని, హామిలా ఆడవాళ్లను ఇంకో ఇంటికి పంపాలి. సీసం తల్లి నుంచి కడుపులో బిడ్డకూ చేరుతుంది. దస్తర్‌ఖాన్ మీద రోజూ పాలో, రాగులో, ఆకుకూరో, గుడ్డో ఉండాలి.

షక్ ఉంటే డాక్టర్‌ను బ్లడ్ లెడ్ టెస్ట్ రాయమని అడగండి. మామూలు నెత్తురు పరీక్షలో సీసం కనబడదు. ఒంట్లో బాగా పెరిగాక బయటికి తీసే దవా ఉంది గానీ, దెబ్బతిన్న దిమాగ్‌ను వెనక్కి తెచ్చే దవా లేదు. పిల్లల కోసం రోజూ దువా చేస్తాం. ఈ జిమ్మేదారీ కూడా అందులో భాగమే.