సామాను దగ్గర నిలిచినవారు



డిసెంబరు వచ్చింది. మా సంఘంలో ఇంటింటా నక్షత్రాలు కట్టేశారు. రాత్రి పాటలకు యవ్వనస్థులు డప్పులు సరిచేసుకుంటున్నారు. ఈ నెల మొదటి ఆదివారం వాక్యం ముగిశాక మేము ఏటా ఒక ప్రకటన చేస్తాము. చందా గురించి కాదు, విందు గురించి కాదు. ఇళ్ళు జాగ్రత్త అని. క్రిస్మస్ మొదలుకొని సంక్రాంతి వెళ్ళేదాకా దొంగలకూ పండుగ రోజులే గదా.

మాకు మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో సంఘ బంధువులున్నారు. నెలకొకసారైనా మేమిద్దరం ఆ మూడు ఊళ్ళూ తిరుగుతాము. మూడింటి తీరూ వేరు. కుప్పంలో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి పనికి పోయేవాళ్ళు ఎక్కువ. ఇంట్లో మిగిలేది ముసలివాళ్ళు, లేదంటే బీగం. పైగా ఆ ఊరు ఇటు తమిళనాడుకూ అటు కర్ణాటకకూ ఆనుకుని ఉంది. దొంగ అక్కడ చెయ్యి పెడితే తెల్లవారేసరికి ఏ రాష్ట్రంలో ఉంటాడో చెప్పలేము. మదనపల్లెలో పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చి కొత్త లేఅవుట్లలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళున్నారు. ఈ గోడకూ ఆ గోడకూ మధ్య ఖాళీ ప్లాటు. పక్కింటాయన పేరేమిటని అడిగితే, కారు నంబరు చెప్తారు గాని పేరు చెప్పలేరు. పుంగనూరులో పాత వీధులు, గోడకు గోడ తగిలే ఇళ్ళు. అక్కడ సుగుటూరు గంగమ్మ జాతరప్పుడు జనమంతా గుడి దగ్గరే ఉంటారు, వీధులు బోసిపోతాయి.

మన తెలుగు బైబిలులో దొంగతనం మాట వచ్చిన చోట కన్నం అనే మాట కనిపిస్తుంది. మట్టిగోడల కాలపు మాట అది. గోడకు కన్నం పెట్టి లోపలికి దూరేవారు. ఇప్పుడు మిద్దెలొచ్చాయి, సిమెంటు గోడలొచ్చాయి, కన్నం పోయింది. దొంగ వాకిలి దగ్గరికే వస్తున్నాడు. పెద్ద బీగం తెచ్చి వేస్తాము గాని, ఆ బీగాన్ని మోసే గొళ్ళెం రెండు చిన్న మేకులతో పాత కట్టెలో ఉంటుంది. ఇనుప కడ్డీ ఒకటి దూర్చి లాగితే గొళ్ళెంతో సహా ఊడి వస్తుంది, బీగం చెక్కు చెదరదు.

మా సంఘ సహోదరి ఇంట్లో అలాగే జరిగింది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, భర్త లేడు. కొన్నేళ్ళ కిందట డిసెంబరు 31 రాత్రి కూతురితో కలిసి తొమ్మిదిన్నరకు కూడికకు వచ్చింది. ప్రార్థన, సాక్ష్యాలు, పన్నెండు గంటలకు ఆరాధన, కేకు, టీ. ఇంటికి చేరేసరికి ఒంటిగంట. గొళ్ళెం వేలాడుతోంది, బీరువా తెరిచి ఉంది. బీరువా బీగంచెవి ఆ బీరువా మీదే, ఒక పాత డబ్బా కింద ఉండేది. (మన ఇళ్ళలో బీరువా చెవి ఉండే చోట్లు నాలుగే. పరుపు కింద, దేవుని పటం వెనక, బియ్యం డ్రమ్ములో, బీరువా పైన. ఆ నాలుగూ మనకంటే దొంగకు బాగా తెలుసు.) కూతురి పెళ్ళికి కూడబెట్టిన గొలుసు, కమ్మలు, రెండు గాజులు, చీటీ పాడిన డబ్బు పోయాయి. స్టేషనులో గొలుసు ఎన్ని గ్రాములని అడిగితే చెప్పలేకపోయింది. రసీదు లేదు, ఫోటో లేదు. పదేళ్ళు వంట చేసి కొన్న గొలుసు కాగితం మీద ఒక వరుసలో సుమారుగా అని రాసుకున్నారు.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు మరునాడు సలహాలు చాలా వచ్చాయి. వాటి గురించి రాయడం లేదు. ఆ ఉదయం సలహాలతో పాటు ఒక పేరు కూడా వచ్చింది. దాని గురించి రాయాలి.

మా సంఘంలో ఒక ఎరుకల కుటుంబం ఉంది. ఇంటాయన బుట్టలల్లుతాడు, పెళ్ళిళ్ళకు షామియానాలు వేస్తాడు. ఆ రాత్రి ఆయన సౌండుబాక్సు పక్కనే కూర్చుని ఉన్నాడు. మైకు సరిచేసింది ఆయనే, అందరూ చూశారు. అయినా పొద్దు పొడిచేసరికి వీధిలో ఆయన పేరే తిరుగుతోంది. మధ్యాహ్నానికి ఆయనను స్టేషనుకు పిలిచారు. మేమిద్దరం, సంఘ పెద్దలు ఇద్దరు వెంట పోయాము. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపించారు. బయటికొచ్చాక ఆయన మాతో అన్న మాట ఇది. "మా తాతకు రాత్రిపూట చావిట్లో హాజరు వేసుకుంటేనే నిద్ర అయ్యగారూ. నాకు పగలే వేసినారు, అంతే తేడా."

ఈ హాజరు సంగతి మన పిల్లలకు తెలియదు. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేసింది. 1911లో దానిని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసింది. మన చిత్తూరు జిల్లా ఏర్పడినదీ ఆ సంవత్సరమే. ఆ చట్టం కింద ఎరుకల వంటి కులాలలో పుట్టినవారు ఏ తప్పూ చేయకపోయినా పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, చెప్పిన వేళకు హాజరు ఇవ్వాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలో ఉన్నదానిని నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. అక్కడ బడులు పెట్టారు, పని నేర్పారు, అదీ నిజమే. కాని గేటుకు బీగం వేసింది కూడా మన మిషనులే. సేవకులమైన మేము ఆ రెండవ సంగతి దాచి మొదటిది మాత్రమే చెప్పకూడదు. ఆ చట్టం 1952లో రద్దయింది. వీధిలోని నోళ్ళలో మాత్రం ఇంకా రద్దు కాలేదు.

2018 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. పార్థీ గ్యాంగు దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని, ఇళ్ళలో దూరి గొంతులు కోస్తున్నారని వాట్సాప్‌లో వచ్చింది. మన జిల్లాలో కర్రలు పట్టుకుని రాత్రంతా కావలి కాశారు. భాష తెలియనివాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు దెబ్బలు తిన్నారు. అలాంటి ముఠా ఏదీ లేదని పోలీసులు ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చింది. పక్కన తిరువణ్ణామలై జిల్లాలో కులదైవం గుడికి పోతూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన 65 ఏళ్ళ తల్లిని కొట్టి చంపేశారు. ఆమె దొంగ కాదు, దారి అడిగిన మనిషి.

నిర్గమకాండము 22వ అధ్యాయములో ఒక చిత్రమైన నియమముంది. రాత్రి కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బ తగిలి చచ్చిపోతే, కొట్టినవాని మీద రక్తాపరాధం ఉండదు. కాని సూర్యుడు ఉదయించాక అతన్ని చంపితే అపరాధమే. దొంగ ప్రాణానికి కూడా ధర్మశాస్త్రం ఒక లెక్క పెట్టింది. దొంగ అని రుజువైనవానికే అంత లెక్క ఉంటే, ఊరికే అనుమానించినవాని సంగతి ఏమిటి? కావలి కాయడం వేరు, కర్ర పట్టుకుని ఎవరో ఒకరి కోసం ఎదురుచూడటం వేరు.

ఆ జనవరిలోనే సంఘ పెద్దలు కూర్చున్నారు. 31 రాత్రి కూడికను రెండుగా చేయాలనేది మా ఆలోచన. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు ఒకటి, పది నుంచి పన్నెండున్నర వరకు ఒకటి. ప్రతి ఇంటివాళ్ళూ రెండు భాగాలుగా రావాలి, ఏ ఇంటికీ ఆ రాత్రి బయటి బీగం పడకూడదు. ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. "ప్రార్థన మానుకొని బీగానికి కావలి కాసేదేంది అయ్యగారూ? దేవుడు చూసుకోడా?" అన్నాడు. విశ్వాసంతో అన్న మాటే. అందుకే వాక్యంలో నుంచే జవాబు చెప్పాము.

మొదటి సమూయేలు 30వ అధ్యాయము. దావీదు, అతని మనుషులు సిక్లగులో కాపురాలు పెట్టి దండుతో పోయారు. తిరిగి వచ్చి చూస్తే అమాలేకీయులు ఊరు కాల్చి భార్యాపిల్లలతో సహా దోచుకుపోయి ఉన్నారు. మనుషులు ఏడ్చి ఏడ్చి, ఆ దుఃఖంలో దావీదునే రాళ్ళతో కొడదామనుకున్నారు. అక్కడ కూడా పోయిన సొత్తుకు ముందు ఒక మనిషి మీదే పడ్డారు, గమనించారా? తరువాత ఆరువందల మంది వెంట పడితే బెసోరు వాగు దగ్గర రెండువందల మంది అలసిపోయి సామాను దగ్గర ఆగిపోయారు. పోయినదంతా తిరిగి తెచ్చాక, కొట్లాడినవాళ్ళలో కొందరు ఆగినవాళ్ళకు పాలు ఇవ్వమన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవానికెంతో, సామాను దగ్గర ఉన్నవానికీ అంతే అని కట్టడ చేశాడు. 31 రాత్రి ఇంట్లో ఉండి వీధి చూసినవాడు ఆరాధన పోగొట్టుకున్నవాడు కాడు, అతని పాలు అతనికుంది. పెద్దాయన ఆ తరువాత ఏమీ అనలేదు. మొదటి ఏడు ఇంట్లో ఆగింది కూడా ఆయనే.

అయితే వీధిని నిజంగా మార్చిన మాట మాది కాదు. మలుపులో టీ కొట్టు నడిపే భాయ్ అన్నాడు ఆ మాట, దొంగతనమైన మూడో రోజు. "మీ పండగ నాడు మేం ఇంట్లోనే ఉంటాం గదా పాస్టరయ్యా. ఒక మాట చెప్పి పోయుంటే నేను చూసుండనా?" నిజమే. మా వీధిలో అన్ని మతాల ఇళ్ళూ ఉన్నాయి. 31 రాత్రి మేము గుడిలో ఉంటే వాళ్ళు ఇంట్లో ఉంటారు. రంజాన్ నెలలో ఇరవై ఏడో రాత్రి వాళ్ళు మసీదులో మేలుకుంటే మేము ఇంట్లో ఉంటాము. సంక్రాంతికి హిందూ కుటుంబాలు సొంత ఊళ్ళకు పోతే మిగిలిన రెండు వర్గాలూ ఇక్కడే. పండుగలు వేరు వేరు రోజులలో రావడం ఎంత మేలో! అందరిదీ ఒకే పండుగైన వీధి ఒకే రాత్రి ఖాళీ అవుతుంది. ఒకే సంఘంవాళ్ళమంతా ఒకే కాలనీలో స్థలాలు కొందామని మదనపల్లెలో కొందరు మా సలహా అడిగారు. మేము ఈ సంగతే చెప్పాము.

టమాటా ధర ఎక్కినప్పుడూ ఇలాగే జరిగింది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో మొదటి రకం కిలో 200 రూపాయల దరికి చేరినప్పుడు, మా వాళ్ళు తోటల్లో టార్చిలైట్లతో పడుకున్నారు. ఒక్కొక్కరు వారం రోజులు మేలుకోలేరు గనుక వంతులు వేసుకున్నారు. ఏ తోట ఎవరిదని చూడలేదు. తోటకు చేసినది ఇంటికి చేయడానికి మనకు ఎందుకో మొహమాటం.

ఊరికి పోయేవారికి మేము చెప్పేవి కొన్ని ఉన్నాయి. ధనుర్మాసంలో వీధంతా కళ్ళాపి, ముగ్గు ఉండి ఒక్క వాకిలి పొడిగా ఉంటే ఆ ఇంట్లో ఎవరూ లేరని చెప్పినట్టే. పక్కింటి అమ్మాయికి చెప్పి రెండు గీతలు వేయించండి. మనలో ముగ్గు వేయనివారు నీళ్ళైనా చల్లించండి. ఇంట్లో ఉన్నట్టు కనబడాలని క్రిస్మస్ నక్షత్రం వెలిగించి పోతారు, అది మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతుంటే ఆర్పేవారు లేరని దూరం నుంచే తెలుస్తుంది. బస్సెక్కగానే స్టేటస్ పెట్టకండి, తిరిగొచ్చాక పెడితే ఫోటోలు చెడిపోవు. గొళ్ళేనికి మేకులు తీసి పొడవాటి బోల్టులు వేయించండి. బంగారం లాకరులో పెట్టండి. పంట కోసం బ్యాంకులో కుదువ పెట్టి, నగలు ఇంట్లో లేవే అని బాధపడే అక్కలారా, ఈ మూడు వారాలు మీ నగలే అందరికంటే భద్రం. ఉన్న నగలకు ఫోటో తీసి, గ్రాములు రాసి పెట్టుకోండి.

మన పోలీసులు ఎల్.హెచ్.ఎం.ఎస్. అని ఒక ఏర్పాటు చేశారు, బీగం వేసిన ఇంటిమీద నిఘా అని అర్థం. ఫోనులో యాప్ వేసుకుని పేరు, ఇల్లు నమోదు చేసుకుని, పోయే ముందు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఉండరో తెలపాలి. పోలీసులు వచ్చి లోపల చిన్న కెమెరా పెడతారు. ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు సమాచారం పోతుంది. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. మీ స్టేషనులో ఒకసారి అడిగి చూడండి. ఒకవేళ దొంగలు పడితే, లోపలికి పోయి బట్టలు సర్దకండి. 112కు ఫోను చేసి క్లూస్ టీం వచ్చేదాకా వాకిట్లోనే ఉండండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఎవరి మీదనైనా అనుమానముందా అని అడుగుతారు. చూసినది చెప్పండి, విన్నది చెప్పవద్దు.

ఆ సహోదరి సొత్తు ఇంతవరకు దొరకలేదు. కూతురి పెళ్ళి మాత్రం ఆ వేసవిలోనే జరిగింది. షామియానా వేసినది ఎవరో మీకు తెలిసే ఉంటుంది. డబ్బు ఇస్తే తీసుకోలేదు.

ఈసారి మా వీధిలో సంక్రాంతికి ఊరికి పోయేవాళ్ళు ఐదు ఇళ్ళవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు బీగంచెవులు మా ఇంట్లో ఇచ్చారు, ఒకరు భాయ్ కొట్టులో ఇచ్చారు, ఇద్దరు షామియానా ఆయన ఇంట్లో ఇచ్చారు. 31 సాయంత్రపు కూడిక ఏడు గంటలకే మొదలవుతుంది. రెండవ కూడికలో ఉండవలసినవారి పేర్లు గుడి తలుపు మీద అతికించాము. వీధిలో ఉండేవారికి టీ, కేకు పన్నెండుకు ముందే పంపిస్తాము.