ఆదివారం పేషీ

జూన్ 9, 2024
అడ్డగుట్ట కమ్యూనిటీ హాలు. ఇవాళ కూడా ఎక్కువ కిరాయి గొడవలే. నాలుగిళ్లలో పనిచేసే ఒకామె వచ్చింది. ఊరికి పోయొచ్చేసరికి ఓనరు తాళం మార్చేశాడు. సామానంతా లోపలే. సివిల్ మ్యాటర్, కోర్టుకు పొమ్మని పోలీసులు పంపేశారట.
"ఫీజెంత మేడం?"
ఏం లేదన్నాను. ముఖం చిన్నబోయింది. "ఊరికే చేస్తే మంచిగ చేస్తరా?"
ఏం చెప్పను? చేసి చూపించాల్సిందే.

జూన్ 12
అగ్రిమెంట్ లేదు, రసీదుల్లేవు. ఫోన్‌పేలో మాత్రం నెలనెలా ఆరున్నర వేలు. పగిలిన అద్దం మీద వేలు జరుపుతూ ఒక్కో నెలా చూపించింది. మార్చి కిరాయి రెండు విడతలు. "అప్పుడు పాపకు డెంగీ వచ్చె." గ్యాస్ బుక్కు మీద ఆ ఇంటి నంబరే ఉంది.
చాలు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, సెక్షన్ 6. ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు. ఆరు నెలల్లోపు దావా వెయ్యాలి, అంతే.

జూన్ 20
న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇచ్చాం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు. 1987 చట్టంలోనే ఉంది, సెక్షన్ 12. ఎవరో చెప్పారని ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం రెండు రోజులు తిరిగిందట పాపం. కోర్టు ఫీజు తప్పింది సరే. ఆ రెండు రోజుల కూలి?

జూలై 18
పొద్దున్నే కోర్టుకొచ్చి కూర్చుంది. మధ్యాహ్నం దాటాక పిలిచారు. వాయిదా.
వకాలత్ ఉంది, ప్రతిసారీ నువ్వు రానక్కర్లేదక్కా అన్నాను.
"నేను లేకుంటే నా సంగతి జడ్జి సారుకు ఎట్ల ఎరుక?"
బస్సెక్కబోతూ చెప్పింది, ఒకింట్లో వేరే మనిషిని పెట్టుకున్నారని.

సెప్టెంబర్ 14
లోక్ అదాలత్. అడ్వాన్సు మొత్తం, సామాను ఇస్తానన్నాడు ఓనరు. ఇల్లు మాత్రం ఇవ్వడట. ఒప్పుకోవద్దన్నాను. గట్టి కేసు, ఇల్లే వస్తుంది.
"ఆయన మొఖం చూసుకుంట ఆడ్నే ఉండాల్నా మేడం? పిల్ల సర్టిఫికెట్లు, కుట్టుమిషను ఇప్పియ్, చాలు."
అవార్డు మీద అప్పీలుండదని రెండుసార్లు చెప్పాను. విని, సంతకం పెట్టింది.
తీర్పు వచ్చేదాకా పోరాడాలని ఉండింది నాకు. ఎవరి కోసం?

సెప్టెంబర్ 22
పక్కింటి ముసలాయనను తోలుకొచ్చింది. నేను నోరు తెరవకముందే ఆమే అడుగుతోంది, "పాస్‌బుక్కేది తాతా? చావు సర్టిఫికెట్ తెచ్చినవా?"
కొడుకు పోయాడు. బ్యాంకులో డబ్బుంది, నామినీ లేడు. సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి. తాత భార్య ఎప్పుడో పోయింది. కోడలు పుట్టింట్లో ఉంది, పిల్లల్లేరు.
1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరుస వారసుల్లో తల్లి ఉంది, తండ్రి లేడు. వీలునామా లేకపోతే డబ్బంతా కోడలిదే. ఆమెకీ ఇంకే ఆధారముందని? ఈ మాట తాతకు వచ్చే ఆదివారం చెప్పాలి. ముందు కోడలితో మాట్లాడి చూడనా?