గుమ్మం చెక్క మీద గోదావరి

మా ఊరి పాత ఇళ్ళ గుమ్మాలు చాలావరకు గోదావరి మీద వచ్చినవే. భద్రాచలం, పాపికొండల అడవుల్లో కొట్టిన టేకు దూలాలకు వెదుళ్ళు జతకట్టి, తెప్పలు చేసి, ఏటివాలున రాజమండ్రికి దింపేవారు. అక్కడి కలప అడితీల నుంచి పడవల మీద కాలువల వెంట కోనసీమకు చేరేది. మా మండువా ఇంటి సింహద్వారం కర్ర కూడా అలా వచ్చిందేనని నాయనమ్మ చెప్పేది. పై పట్టె మీద జంట చిలకలు, వాటి మధ్య పద్మం. పండగ నాడు ఆ చిలకలకు బొట్టు పెట్టడానికి బాబాయి నన్ను భుజాల మీదికి ఎత్తుకునేవాడు.

1986 ఆగస్టులో వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కుల పైన. మా ఊరి వాళ్ళమంతా ఏటిగట్టు మీద తలదాచుకున్నాం. నీరు తీశాక వెళ్ళి చూస్తే మట్టిగోడలు కరిగిపోయాయి, పెంకులు కుప్పపడ్డాయి. గుమ్మం మాత్రం మోకాలి లోతు ఒండ్రులో నిటారుగా నిలబడి ఉంది. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది. నీళ్ళు అంత తొందరగా లోపలికి పోవు, చెద దగ్గరికి రాదు. నాయనమ్మ ఆ ఒండ్రులోనే నిలబడి గుమ్మానికి దండం పెట్టుకుంది.

తర్వాత డాబా వేశాం. కొత్త గోడలకు పాత గుమ్మం కొలత కుదరలేదు. చిలకల పట్టె దేవుడి గదికి వెళ్ళింది. మిగిలిన నిలువు కర్రతో ఇంటికి పేరు పలక చేయిద్దామన్నారు నాన్న. ఏం పేరు పెట్టాలన్నదే పెద్ద చర్చ. బాబాయి "శ్రీనిలయం" అన్నాడు. నాయనమ్మ "గోదావరి" అంది.

"అంత పని చేసిన ఏటి పేరా అత్తయ్యా?" అంది అమ్మ.

"కర్ర తెచ్చిందీ ఆవిడే, ఇల్లు తీసుకెళ్ళిందీ ఆవిడే, ఆ ఒండ్రులో మళ్ళీ పంట ఇచ్చిందీ ఆవిడేనే. ఇంకెవరి పేరు పెడతావమ్మా?"

ఇంకెవరూ మాట్లాడలేదు.

నాన్న బడిపంతులు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేదని ఊరంతా అనేవాళ్ళు. పాత క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో "గోదావరి" అని రాసి, నన్ను వెంటబెట్టుకుని వడ్రంగి ఆచారి తాత పాకకు తీసుకెళ్ళారు. ఆ వేసవి సెలవులన్నీ నాకు ఆ పాకలోనే గడిచాయి.

ముందు తాత కర్రలోని పాత మేకులన్నీ లాగేశాడు. ఒక్క మేకు దాగి ఉన్నా రంపం పళ్ళు పోతాయి. రెండున్నర అడుగుల పొడవు, అరడుగు వెడల్పు, అంగుళం మందం ఉండేలా పలక కోసి చిత్రిక పట్టాడు. పైన బూడిదరంగుకు తిరిగిన పొర లేవగానే లోపల బంగారు ఛాయ, పాకంతా టేకు వాసన. ఎన్నో ఏళ్ళు ఎండకు ఎండి, అన్ని రోజులు వరదలో నానిన కర్రలో ఆ వాసన అలాగే ఉంది! నేల మీద చుట్టలు చుట్టలుగా పడిన పొట్టును నేను దోసిళ్ళతో ఏరుకునేవాణ్ణి.

నాన్న రాసిన కాగితం వెనక బొగ్గు రుద్ది, పలక మీద పరిచి, అక్షరాల వెంట పెన్సిలు నడిపించాడు తాత. కాగితం తీస్తే చెక్క మీద నాన్న చేతిరాత. అసలు పని అక్కడ మొదలైంది. తాటాకు మీద గంటంతో గీతలు లాగితే ఆకు చీలుతుందని మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయంటారు. ఆకుకు మేలు చేసిన ఆ గుండ్రమే చెక్క దగ్గర కష్టం. చెక్కలో నార ఒకే వైపు పోతుంది. దానికి ఎదురు వెళితే ఉలి పెచ్చు లేపుతుంది. కాబట్టి ఒక గుండ్రం పూర్తి చేయాలంటే ఉలి నాలుగుసార్లు దిశ మార్చుకోవాలి. "రి" అన్నిటికన్నా గట్టిది. గుండ్రం లోపల మిగిలే చిన్న ముక్కకు ఆసరా తక్కువ, గట్టిగా కొడితే ఎగిరిపోతుంది.

"దీనికి సుత్తి వద్దురా అబ్బాయ్, అరచేతి బలం చాలు," అంటూ తాత ఉలికి మళ్ళీ సాన పట్టి, దాన్ని నా చేతికిచ్చి, నా చేతి మీద తన చెయ్యి వేశాడు. ఆ గుడి చివరి వంపు మేమిద్దరం కలిసి చెక్కాం. నా జీవితంలో అంత గర్వపడిన రోజులు తక్కువ.

నాన్న లక్క పాలిష్ పెట్టమన్నారు. తాత ఒప్పుకోలేదు. "లక్క వాన తగిలితే తెల్లబడిపోద్ది మాస్టారూ. అవిసె నూనె పట్టిద్దాం," అన్నాడు. అక్షరాల గాడిలో నింపడానికి నాయనమ్మ ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టింది. దాన్ని అదే నూనెలో కలిపారు. బిగించడానికి ఇత్తడి మరలు తెచ్చారు. ఇనుప మేకులైతే తడికి చుట్టూ చెక్క నల్లబడుతుంది.

ఇప్పుడు ఆ పలక మా తమ్ముడి ఇంటి ముందు ఉంది. ఏటా సంక్రాంతికి ముందు నూనె పట్టిస్తాడు. మసి వెలిసినా గాడి అలాగే ఉంది, నాన్న "ద"కు పెట్టే పొడవాటి దీర్ఘం అలాగే ఉంది. కంప్యూటరులో ఎంచుకున్న అక్షరాలతో స్టీలు బోర్డులు ఎంత నిగనిగలాడినా ఒక ఇంటికీ పక్కింటికీ తేడా చెప్పలేవు. పలక మీద ఉండాల్సింది ఆ ఇంటివాళ్ళ చెయ్యి అని నా గట్టి నమ్మకం.

కోనసీమలో మండువా ఇళ్ళు ఒక్కొక్కటే పడగొడుతున్నారు. మీ ఇల్లు కూడా ఆ వరసలో ఉంటే గుమ్మాలన్నీ ఒకేసారి అమ్మేయకండి, ఒక్క కర్రైనా దాచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ చేత ఇంటి పేరు కాగితం మీద రాయించుకోండి. చెక్కిపెట్టే వడ్రంగులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు.