అయిదో కాంటూరు

పాన్ కార్డు కోసం బీరువా వెతుకుతుంటే లాగ్‌బుక్ దొరికింది. చివరి ఎంట్రీ 2018 జనవరి. సెస్నా 152, నలభై నిమిషాలు. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. కారు మూడేళ్ళు తోలకపోయినా డ్రైవింగ్ లైసెన్సు లైసెన్సే. విమానంతో అలా కుదరదు. ఎగరకుండా ఉంటే ఒకటొకటిగా అన్నిటికీ గడువు దాటిపోతుంది: ముందు మెడికల్, తర్వాత రేటింగ్. నాది ఎప్పుడు దాటిందో కూడా నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే, గమనించకూడదనే అనుకున్నాను.

మాది కలిదిండి. మా వైపు ఎత్తు అంటే చెరువు గట్టే. విమానం దిగే చోటంటూ నేను మొదట చూసింది తాడేపల్లిగూడెంలో. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే అది. మా పెదనాన్న గూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. సెలవులకి వెళ్తే పొద్దున్నే అక్కడికి నడకకి తీసుకెళ్ళేవాడు. ఒక్క విమానమూ రాలేదు. గేదెలు మేసేవి, కుర్రాళ్ళు స్కూటర్ నేర్చుకునేవాళ్ళు. నాకు మాత్రం అంత పొడుగు, అంత తిన్నని, రెండు పక్కలా నీళ్ళు లేని దారి చూడటం అదే మొదలు.

కొల్లేరు చుట్టుపక్కల వాళ్ళకి 'కాంటూరు' భూగోళం పాఠంలోని మాట కాదు, తగువుల్లోది. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. కైకలూరు దాటి లోపలికి, ఇంకో ఇద్దరితో కలిసి మా నాన్న లీజుకి పట్టిన చేపల చెరువు ఆ గీత లోపల పడింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు. గట్లు కొట్టేశారు. నేనప్పుడు ఇంటర్.

కొట్టడం తప్పని నేను అనలేను. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిన వరద ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి, మధ్యలో మా గట్లు అడ్డం. ఈ మాట నాన్నే అన్నాడు, కాకపోతే పదేళ్ళు పట్టింది అనడానికి. గట్లయితే పోయాయి గానీ, మేతకి తెచ్చిన అప్పు పోలేదు.

ఆ అప్పు ఇంకా తీరుతుండగానే, 2014లో, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ జీతంతో నేను విమానం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలి. ఒక్కో గంటా వేలల్లో ఉంటుంది. ఇంటికి పంపేది పంపుతూనే ఉన్నాను. ఈ వాక్యం అప్పట్లో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నాన్నకి మాత్రం ఏమీ చెప్పలేదు. ఎవరో పెట్టిన ఫేస్‌బుక్ ఫొటోని మా మావయ్య కొడుకు ఆయనకి చూపించాడు. నాన్న ఫోన్ చేశాడు. తిట్టలేదు.

"గంటకెంత పడుద్దిరా?"

చెప్పాను. అటువైపు నిశ్శబ్దం.

"ఏం లేదులే. మేత బస్తాల్లో లెక్కేస్తన్నా."

లైసెన్సు వచ్చింది. కానీ ఆ తర్వాత లాగ్‌బుక్‌లో రాసిన ప్రతి గంటా నాకు బస్తాల్లోనే కనపడేది. తీరిక లేక మానేశానని స్నేహితులకి చెప్పుకున్నాను.

పోయినేడాది, ఉద్యోగం బెంగళూరుకి మారాక, ఈసారి డబ్బు కట్టకముందే నాన్నకి ఫోన్ చేశాను. "అప్పులయిపోయినాయిగా, నీ ఇష్టం" అన్నాడు. అది అనుమతో, దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. మెడికల్‌కి వెళ్ళాను. బీపీ అంచు మీద ఉంది, బరువు పదకొండు కిలోలు పెరిగింది. సెస్నా మీద మళ్ళీ చెయ్యి కుదరడానికి కావలసిన గంటలు లెక్కేస్తే కళ్ళు తిరిగాయి. జక్కూరులో మైక్రోలైట్లు ఎగురుతాయని ఆఫీసులో ఎవరో అన్నారు.

నేనెక్కింది ఎక్స్-ఎయిర్. బెంగళూరులోనే రాజహంస అనే కంపెనీ తయారుచేసింది. అల్యూమినియం గొట్టాలు, వాటిమీద బిగించిన గుడ్డ, రెండు సీట్లు, రెండు స్ట్రోకుల రోటాక్స్ ఇంజను. సెస్నా 152 నిండుగా 757 కిలోలు. మన దేశంలో రెండు సీట్ల మైక్రోలైట్ హద్దు 450 కిలోల దగ్గర. మనుషులూ పెట్రోలూ అన్నీ అందులోనే. నా పదకొండు కిలోలకి అక్కడ లెక్క చెప్పాల్సి వచ్చింది.

కిందిమెట్టుకి దిగుతున్నాననుకున్నాను. మొదటి గంటలోనే అది పోయింది. బరువున్న విమానానికి ఊపు ఉంటుంది. ఇంజను తగ్గించినా కొంతసేపు అదే వేగంతో పోతుంది, మనం ఆలోచించుకోవచ్చు. దీనికి అది లేదు. ఎదురుగాలిలో సైకిల్ తొక్కడం ఆపితే ఎలా ఉంటుందో అలా వేగం అప్పటికప్పుడే పడిపోతుంది. ఇంజను చప్పుడు ఆగిందంటే ముక్కు కిందికి వంచాల్సిందే, ఆలోచన తర్వాత. ఇన్‌స్ట్రక్టర్ గారు ఈ పాఠాన్ని మాటల్లో చెప్పలేదు. ఉన్నట్టుండి థ్రాటిల్ లాగేసి నా చేతుల వైపు చూశారు. నా చేతులు ఇంకా 2018లోనే, సెస్నాలోనే ఉన్నాయి. దిగేటప్పుడూ అంతే. అలవాటైన ఎత్తులోనే ముక్కు ఎత్తాను. సెస్నా అయితే తేలుతూ వెళ్ళి ఆనేది. ఇది మూరెడు పైనుంచి దభీమని పడింది. ఆయన నవ్వి "మళ్ళీ" అన్నారు. ఆ రోజు ఏడుసార్లు మళ్ళీ.

ఆకాశం గురించి రాసే రచయితలతో నాకు ఒక పేచీ ఉంది. రోడ్లు మనల్ని నీళ్ళూ తోటలూ ఉన్న చోట్లకే తిప్పి మోసం చేశాయనీ, విమానం వల్లే భూమి అసలు ముఖం తెలిసిందనీ 'విండ్, శాండ్ అండ్ స్టార్స్'లో సెయింట్ ఎక్జుపెరీ అంటాడు. సహారా మీద నిజమేమో. కొల్లేటి ఉపగ్రహ చిత్రం చూడండి: నలుచదరపు చెరువులు, మధ్యలో గట్ల గీతలు. ఎవరిది పట్టా, ఎవరిది లీజు, ఎవరికెంత అప్పు, ఏదీ కనపడదు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు'లో చదివిన కొల్లేరు ఏ ఎత్తునుంచీ కనపడదు.

సంక్రాంతి వెళ్ళాక నాన్న బెంగళూరు వచ్చాడు. జక్కూరు వస్తానని తనే అన్నాడు. ఆరున్నరకి చేరాం. ఆకు కదలడం లేదు. మైక్రోలైట్‌కి అంతకంటే మంచి పొద్దు ఉండదు. ఎండెక్కితే నేల కాగి గాలి తన్నుతుంది. నాన్న మాత్రం చుట్టూ చూసి మొహం చిట్లించాడు.

"గాలాడట్లేదేంట్రా."

అప్పుడు గుర్తొచ్చింది. మబ్బు పట్టి గాలాడని తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అలాంటి పొద్దుల్లో ఆయన లుంగీ ఎగ్గట్టి ఎన్నిసార్లు గట్టు మీదకి పరిగెత్తాడో నేను చూశాను. నాకు హాయిగా ఉన్న ఆ పొద్దులో ఆయన ఇంకా చేపల్నే వెతుకుతున్నాడు.

అరగంట ఎగిరి దిగాను. కంచె అవతల్నుంచి అంతా చూశాడు. ఇన్‌స్ట్రక్టర్ గారు లోపలికి రమ్మంటే వచ్చి రెక్క మీద వేలితో తట్టాడు. "గుడ్డేగా ఇది! చప్పుడు మన మందు కొట్టే మిషన్ లాగుంది. దిగడం మాత్రం గూడబాతు నీళ్ళలో వాలినట్టు పడ్డావ్."

తర్వాత లోపలికి తొంగిచూసి, "ఎత్తు చూపించేది ఏదిరా?" అన్నాడు. ఆల్టీమీటర్ చూపించాను.

"మనవైపు ఎగిరితే అయిదో కాంటూరు ఎక్కడుందో ఇందులో తెలుస్తదా?"

"తెలీదు నాన్నా. ఇందులో అన్నిటికంటే చిన్న గీతే 20 అడుగులు. అయిదు దీనికి కనపడదు."

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని ముల్లు వైపు చాలాసేపు చూశాడు.

"మరి నేల మీదుంటే మూడువేలు చూపిస్తందేంటి?"

"సముద్రం నుంచి లెక్క. ఈ ఊరే అంత ఎత్తులో ఉంది."

కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే బెంగళూరోళ్ళకి ఏ కాంటూరు గొడవా లేదన్నమాట."